ఏరు దాటించిన పిల్లి

పిల్లిని గోనె సంచిలోకి ఎక్కించే విద్య నాకు మా అత్తగారు నేర్పారు. సంచి మూతిని చీర కుచ్చిళ్లలా మడిచి చేత్తో పట్టుకోవాలి. అడుగున పాలమీగడ రాసిన రొట్టె ముక్క వేయాలి. పిల్లి తల లోపల పెట్టగానే తొందరపడకూడదు, తోక కూడా లోపలికి వెళ్లేదాకా ఊపిరి బిగబట్టి ఉండాలి. తర్వాత మూతి బిగించి, పురికొసతో కట్టి, సంచిని మూడుసార్లు గుండ్రంగా తిప్పాలి. అలా తిప్పితే పిల్లికి దిక్కులు తెలియకుండా పోతాయట. అంతా అయ్యాక ఆవిడ వెళ్లి శుభ్రంగా చేతులు కడుక్కునేవారు.

మాది చంద్రపూర్ బజారులో కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఇంటి మీద ఒక అటక. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆ కొట్టులో కాలు పెట్టడానికి సందు ఉండేది కాదు. బియ్యం, కందిపప్పు, జొన్నలు, బెల్లం, ఎండుమిర్చి, అన్నీ నోళ్లు తెరుచుకున్న గోనె బస్తాల్లోనే. బస్తాలున్న చోట ఎలుకలు ఉంటాయి, ఎలుకలున్న చోట పిల్లులు ఉండాలి. కాబట్టి పిల్లులు మా కొట్టులో జీతం లేని నౌకర్లు. ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలదని బజారంతా చెప్పుకునే మా అత్తగారు, పొద్దున కొట్టు తీయగానే ముందు పిల్లులకే పాలు పోసేవారు. తరాజు ఇత్తడి పళ్లేన్ని పావుకిలో రాయితో రెండుసార్లు టంగు టంగుమని కొట్టేవారు. ఆ చప్పుడు వినగానే ఎక్కడెక్కడి పిల్లులూ వచ్చి ఆవిడ కాళ్ల చుట్టూ చేరేవి.

వాటిలో బూడిదరంగుది ఒకటి నాకు స్నేహితురాలయింది. మొదటి ఏడాది ఆ ఇంట్లో నేను మనసు విప్పి మాట్లాడింది దానితోనే.

నా పుట్టిల్లు వార్ధా నదికి అవతల, రాజురా దాటి కోర్పనా తోవలో ఉన్న పల్లె. అక్కడ మా అమ్మవాళ్లకు ఒక చిన్న కొట్టు, కాస్త పత్తి చేను. చంద్రపూర్ నుంచి బస్సెక్కితే రెండు మూడు గంటలు. వింటే నవ్వుతారు గానీ, ఆ రెండు మూడు గంటల దారిలో ఏడాదికి రెండుసార్లు వెళ్తే గొప్ప. కొట్టున్న ఇంట్లో కోడలికి ఆదివారం ఉండదు. మధ్యాహ్నం అందరూ తిని నడుం వాల్చాక నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడి, బల్లార్‌పూర్ వైపు వెళ్లే బస్సుల హారన్లు వినేదాన్ని. పిల్లి వచ్చి కిటికీ గట్టు మీద కూర్చునేది. గనుల నుంచి ఎగిరొచ్చి గట్టు మీద పేరుకున్న బొగ్గు నుసి దాని పొట్టకు అంటుకునేది. దాన్ని నాకుతూ నా గోడంతా వినేది. మా అమ్మ ఈపాటికి ఏం చేస్తుంటుందో, పత్తి ఏ మాత్రం ఎదిగి ఉంటుందో, అన్నీ దానికి చెప్పేదాన్ని. మా ఆయన ఒకసారి విని, "గా పిల్లితోని మాట్లాడుడేంది? నేను లేనా?" అన్నాడు. ఉన్నాడు, పాపం. గల్లా దగ్గర ఉన్నాడు.

తర్వాత ప్యాకెట్లు వచ్చాయి.

ఒక్కరోజులో రాలేదు. ముందు షాంపూ పొట్లాలు తోరణాల్లా వేలాడాయి. తర్వాత ఉప్పు, నూనె, గోధుమపిండి, ఆఖరికి పప్పు కూడా మెరిసే సంచుల్లో సీలు వేసుకుని వచ్చేసింది. టీవీలో చూపించినవన్నీ జనం పేరు పెట్టి అడిగేవాళ్లు. మా ఆయన బస్తాలు తగ్గించి గోడకు అద్దాల అరలు కొట్టించాడు. ఎలుకలకు తిండి తగ్గింది, వాటి సంఖ్యా తగ్గింది. పిల్లులు మాత్రం తగ్గలేదు, ఇంకా పెరిగాయి. అవి ఏం పాపం చేశాయి? వాటి ఉద్యోగం పోయిందని వాటికి ఎవరు చెప్పారు గనక!

ఒకరోజు బిస్కెట్ల అట్టపెట్టె మీద ఏదో పిల్లి ఉచ్చ పోసింది. సరుకు చూడటానికి వచ్చిన కంపెనీ మనిషి ముక్కు మూసుకుని బయటికి వెళ్లిపోయాడు. మా ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"ఇగ ఈ పిల్లుల్ని ఉంచేది లేదు," అన్నాడు.

పక్క కొట్టాయన అంతకుముందే తన దారి తాను చూసుకున్నాడు. రొట్టెలో ఎలుకల మందు కలిపి వెనక సందులో పెట్టాడు. ఆ సందులో రెండు రోజులు నేను చూడకూడనివి చూశాను. మాకూ ఆ మందే ఇవ్వబోతే మా అత్తగారు రెండు చెవులూ మూసుకున్నారు.

"రామ రామ! పిల్లిని సంపితే బంగారు పిల్లిని జేయించి కాశీల దానం ఇయ్యాలె. ఏడు జన్మల పాపం. మేం సంపం. ఇడిసిపెడతం."

ఆయన నవ్వాడు. "మీది పుణ్యం, నాది పాపం. పిల్లికి రెండూ ఒక్కటే, అక్కా," అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. చంపేవాడికి ఇంత పొగరా అని ఆ రోజంతా తిట్టుకున్నాను. ఆ మాట ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.

అలా సంచి విద్య మొదలైంది. మా ఆయన స్కూటర్ మీద ఒక్కొక్క పిల్లిని ఊరి పక్కనున్న ఇరయి నది దాటించి వదిలి వచ్చేవాడు. కొన్ని మళ్లీ కనిపించలేదు. అవేమయ్యాయని మేము అడగనూ లేదు. బూడిద పిల్లి మాత్రం మూడో రోజుకల్లా తిరిగి వచ్చి తరాజు కింద కూర్చుంది. రెండోసారి దుర్గాపూర్ గనుల అవతల వదిలారు. ఈసారి పది రోజులు పట్టింది, ముందుకాలు కుంటుతూ వచ్చింది. నేను లోపల్లోపల ఎంత సంబరపడ్డానో! మా ఆయన దానివంక చూసి తల పట్టుకున్నాడు. "ఇది మనల్ని శపిస్తది కావచ్చు," అన్నాడు. "పిల్లి శాపాలకు ఉట్లు తెగుతయా?" అన్నారు మా అత్తగారు. ఆ తర్వాత కాసేపు ఆలోచించి, "పెద్ద ఏరు దాటియ్యాలె. పెద్ద ఏరు దాటినంక ఏ పిల్లీ వాపసు రాదు," అన్నారు.

పెద్ద ఏరంటే వార్ధా. వార్ధా అవతల మా ఊరు.

"నేను తీస్కపోత అత్తమ్మా," అన్నాను. "పొలాల పండుగకు అమ్మోళ్లింటికి పోతున్న గద. అక్కడ ఇంకా బస్తాలే ఉన్నయ్, ఎలుకలు మస్తున్నయ్. మంచిగ బతుకుతది."

అప్పుడు అది దయ అనుకున్నాను. ఊరూపేరూ లేని చోట వదిలేయడం లేదు, మా అమ్మ చేతిలో పెడుతున్నాను, ఇంతకంటే ఎవరు ఏం చేస్తారు అనుకున్నాను. నిజం చెప్పాలంటే అందులో దయ సగమే. మిగతా సగం వేరే. నా మనిషి అంటూ ఒకటి మా ఊళ్లో ఉండాలని నాకు ఆశ. నేను ఉండలేని చోట, మా అమ్మ కొట్టు గడప మీద, అదైనా పడుకోవాలని. దానికి ఏం కావాలో మాత్రం నేను ఆలోచించలేదు.

పొలాల పండక్కి రెండు రోజుల ముందు బయలుదేరాను. నా ఇద్దరు పిల్లల్లో పెద్దవాణ్ని అత్తగారి దగ్గర వదిలి, ఎనిమిది నెలల చిన్నదాన్ని చంకనెత్తుకుని, సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని సర్కారు ఎస్టీ బస్సులో కూర్చున్నాను. అప్పటికి నాలుగు రోజులుగా పిల్లి పొద్దున టంగు టంగుకు వచ్చి గబగబా పాలు తాగి, వెంటనే ఎటో మాయమయ్యేది. కిటికీ దగ్గరికి రావడం మానేసింది. మళ్లీ సంచిలో వేస్తారని భయం కాబోలు అనుకున్నాను.

బల్లార్‌పూర్ రాకముందే సంచి అరవడం మొదలుపెట్టింది. కండక్టర్ వంగి చూసి, అదేమిటని మరాఠీలో అడిగాడు.

"కాయ్ ఆహే తాయీ?"

"ఉల్లిగడ్డలు," అన్నాను కంగారులో.

"కాందా మ్యావ్ మ్యావ్ కరతో కా?" అన్నాడతను. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే పేపరు మిల్లు కంపు రాగానే సంచి మూతి మీద కొంగు కప్పాను. ఆ కంపును గుర్తుపెట్టుకుని వెనక్కి వస్తుందేమోనని. అంత తెలివి ఆ రోజు నాకెక్కడి నుంచి వచ్చిందో! వంతెన దాటుతుంటే నది నిండుగా, ఎర్రగా పారుతోంది. నీళ్లు వంతెన పలకను తాకడానికి ఇంకాస్తే తక్కువ. రాజురా బస్టాండులో దిగి, బిడ్డను బల్ల మీద కూర్చోబెట్టి, అత్తగారు చెప్పినట్టు సంచిని మూడుసార్లు తిప్పాను. జనం చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను. రెండో చుట్టుకే అరుపు ఆగిపోయింది.

ఇంకో బస్సెక్కి మా ఊరు చేరాక, అమ్మ కొట్టు తలుపు వేసి, సంచి మూతి విప్పమంది. పిల్లి తూలుకుంటూ బయటికి వచ్చింది. రెండడుగులు వేసి పక్కకు పడింది, మళ్లీ లేచి బస్తాల వెనక్కి దూరింది. నేను గొప్పగా చెప్పుకుపోతున్నాను, పక్క కొట్టాయన మందు పెట్టాడనీ, మేము అలాంటివాళ్లం కాదనీ. అమ్మ వినడం లేదు. నేల మీద చేతులు ఆనించి, వంగి బస్తాల సందులోకి చూస్తోంది. ఎంతసేపటికీ లేవదు.

"ఏందే అమ్మా?"

అమ్మ లేచింది. నావంక చూడకుండా, నా చంకలో ఉన్న బిడ్డవంక చూసింది.

"ఇది పాలిచ్చే పిల్లి బిడ్డా. పొదుగంత నిండుకచ్చింది. దీని పిల్లలేవి?"

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత నాలుగు రోజులుగా అది గబగబా తాగి వెళ్లిపోవడం, కిటికీ దగ్గరికి రాకపోవడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి కళ్ల ముందుకొచ్చాయి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. ఆ ఏడిళ్లలో ఏదో ఒక ఇంట్లో అవి కళ్లు కూడా తెరవకుండా పడి ఉన్నాయి. వాటి తల్లిని నేను మీగడ ఆశ చూపించి, దిక్కులు మరిచిపోయేలా తిప్పి, ఏరు దాటించి తెచ్చాను. నా బిడ్డ అదే సమయానికి పాల కోసం రవిక లాగుతోంది. నేను ఆ నేల మీదే కూలబడి ఏడ్చాను.

"ఏడుస్తె ఏమొస్తది? పొద్దుగాల మొదటి బస్సుకే తీస్కపో," అంది అమ్మ.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. తెల్లారేసరికి కొట్టు పైకప్పులో రెండు పెంకులు జరిగి ఉన్నాయి. పిల్లి లేదు.

బిడ్డను అమ్మకిచ్చి, మొదటి బస్సులోనే రాజురాకు పరిగెత్తాను. బస్టాండు పక్కన కొత్తగా పెట్టిన ఎస్టీడీ బూతు నుంచి కొట్టుకు ఫోన్ చేశాను. మా ఆయన నేను మాట్లాడకముందే అన్నాడు: "నిన్నటి సంది అటక మీద ఏందో సన్నగ అరుస్తుంది. ఎలుక పిల్లలేమో అనుకున్నం."

"ఎలుకలు కాదు. ఎక్కి చూడుండ్రి. ఇప్పుడే చూడుండ్రి."

నేను ఫోను పట్టుకునే నిలబడ్డాను. బూతు వాడు గడియారంవంక చూస్తున్నాడు. అటక ఎక్కింది మా ఆయన కాదు, మా అత్తగారని తర్వాత తెలిసింది. మోకాళ్ల నొప్పులతో మెట్టు మెట్టుకీ మూలిగే మనిషి, చీర గోచీ పోసుకుని నిచ్చెన ఎక్కారట. మూడు పిల్లలు. నేను పుట్టింటి నుంచి సారెగా తెచ్చుకున్న పెద్ద ఇత్తడి గుండిగలో ఉన్నాయి. పెద్ద వంటలు లేని ఇంట్లో అది ఎందుకని పెళ్లయిన నెలకే దాన్ని అటకెక్కించారు. దాంట్లో పాత గోనె పీలికలు కూరి ఉన్నాయి. పిల్లికి ఆ ఇంట్లో అన్నిటికన్నా భద్రమైన చోటు అదే అనిపించింది.

అప్పటికే వంతెన మీదికి నీళ్లు వచ్చాయి. బస్సులు బంద్. ఏటి ఒడ్డున జనం గొడుగులు పట్టుకుని వరద చూస్తున్నారు. నేనూ వాళ్లలో నిలబడి చూశాను. అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉంది. మనుషులు కూడా కనిపిస్తున్నారు. మధ్యలో చెట్లకు చెట్లే కొట్టుకుపోతున్నాయి. పిల్లి ఇటువైపే వచ్చి ఉంటుందని నాకు తెలుసు. ఇరయి అవతల నుంచి వచ్చింది, దుర్గాపూర్ అవతల నుంచి కుంటుతూ వచ్చింది. అది ఏమీ మరిచిపోదు. మేమే మరిచిపోయేది.

నాలుగు రోజులు నది దిగలేదు. ఆ నాలుగు రోజులూ మా అమ్మ కొట్టులోని తరాజు పళ్లెం ఊడదీసుకుని, పావుకిలో రాయితో కొట్టుకుంటూ చేల గట్ల మీద తిరిగాను. టంగు టంగు. పత్తి చేలల్లో, జొన్న చేలల్లో, రాజురా తోవ పొడుగునా. పొలాల రోజు ఎడ్ల కొమ్ములకు రంగులు వేసి, గంటలు కట్టి ఊరేగిస్తున్నారు. ఆ గంటల మధ్య నా చప్పుడు నాకే వినపడలేదు. చంద్రపూర్ పెద్ద కోమటోళ్లింటి కోడలు పళ్లెం వాయించుకుంటూ తిరుగుతోందని ఊళ్లో నవ్వుకున్నారు. రెండో రోజు నుంచి అమ్మ కూడా నా వెంట నడిచింది. పెళ్లయినప్పటి నుంచి నేను ఏ పుట్టింటి కోసం అంతగా కలవరించానో, ఆ ఊళ్లో నాలుగు రోజులూ ఒక్కపూట స్థిమితంగా కూర్చుని అమ్మ చేతి ముద్ద తినలేదు. ఈ గట్ల మీద నడవాలని చంద్రపూర్ కిటికీ దగ్గర ఎన్నిసార్లు అనుకున్నానో. నడిచాను, తలెత్తి చూడకుండా.

వంతెన తేలిన రోజు మొదటి బస్సులో బయలుదేరాను. ఊళ్లోకి వస్తే పాలు పోసి ఉంచమని అమ్మకు చెప్పాను. అమ్మ బతికినంతకాలం గొడ్ల కొట్టం దగ్గర ఒక చిప్పలో పాలు పోస్తూనే ఉంది. ఏవేవో పిల్లులు వచ్చి తాగిపోయాయి.

ఇంటికి వచ్చేసరికి మూడింటిలో ఒకటి చనిపోయింది. మిగతా రెండూ మా అత్తగారి ఒడిలో ఉన్నాయి. దీపానికి చేసే పత్తి వత్తిని నీళ్లపాలలో ముంచి వాటి నోట్లో పిండుతున్నారు ఆవిడ. నన్ను చూసి, "దొరికిందా?" అన్నారు. లేదన్నాను. ఆవిడ వత్తిని మళ్లీ పాలలో ముంచారు. నేర్పింది ఆవిడ, చేసింది నేను.

అవి బతికాయి. బతికి పెద్దవవుతుంటే మళ్లీ పాత సమస్యే. రెండింటిలో ఒకటి ఆడది. "ఇది పెద్దగైతే మల్ల అదే లొల్లి," అన్నాడు మా ఆయన. ఆ మాట వినగానే మా అత్తగారి చెయ్యి అలవాటు కొద్దీ గోడకు వేలాడే గోనె సంచి మీదికి వెళ్లింది. నేను ఆ సంచిని లాక్కుని, వంటింట్లోకి తీసుకెళ్లి, కత్తిపీట మీద నాలుగు ముక్కలు చేసి, కాళ్లు తుడుచుకునే పట్టాలుగా గుమ్మాల దగ్గర పరిచాను. పెళ్లయిన ఆరేళ్లలో ఆ ఇంట్లో అది నా మొదటి తిరుగుబాటు. ఆ పూట ఎవరూ నాతో మాట్లాడలేదు. హాయిగా ఉంది.

పశువుల దవాఖానలో డాక్టరు ఎడ్లకూ బర్రెలకూ తప్ప ఎప్పుడో గానీ చెయ్యి వేయని మనిషి. పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తారా అని అడిగితే ముందు నవ్వాడు. నేను నవ్వలేదు. అప్పుడు కూర్చోమని, దీని తల్లి ఏమైందని అడిగాడు. సంచి, ఏరు, గుండిగ, అన్నీ చెప్పాను. "కానీ మేం చంపలేదు సార్," అని కూడా అన్నాను, అలవాటు కొద్దీ.

ఆయన మరాఠీలో మెల్లగా అన్నాడు, వదిలేస్తే బతికించినట్టు కాదమ్మా అని. మందు పెట్టినవాడికి తాను ఏం చేశాడో తెలుసు, సంచిలో వేసినవాళ్లకు అదీ తెలియదు అని. పక్క కొట్టాయన మాట గుర్తొచ్చింది. అయితే ఆయన పెట్టిన మందు మంచిదని నేను ఈనాటికీ అనను. ఆ సందులో నేను చూసినవి చూసినవే. కాకపోతే, కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లిని చూసి నవ్వుతాం కదా, మేము చేసిందీ అదే. చచ్చేది మా కళ్ల ముందు చావకపోతే చాలనుకున్నాం.

ఆపరేషన్ మాట ఎత్తేసరికి ఇంట్లో మా అత్తగారు లేచారు.

"అయ్యో, నోరులేని జీవి కడుపు కోపిస్తవా? దాని సంతానం ఆపుతవా? గిది సుత పాపమే కాదా?"

"రెండో కాన్పు అయినంక నన్ను క్యాంపుకు తోలుకపోయి కోపిచ్చినప్పుడు పాపం కాలేదా అత్తమ్మా?"

అనుకుని అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. ఆ కుటుంబ నియంత్రణ క్యాంపులో బల్ల మీద పడుకోబెట్టినప్పుడు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది ఆవిడే. నన్నెవరూ అడగలేదు, నీకు ఇష్టమా అని. నాకు ఇష్టమే, ఇంకొకరు వద్దనే ఉంది. కానీ అడగలేదు. మర్నాడు పొద్దున నేను బుట్టలో పిల్లిని పెట్టుకుని రిక్షా ఎక్కుతుంటే, మా అత్తగారు కూడా వచ్చి పక్కన కూర్చున్నారు. బుట్టను తన ఒళ్లో పెట్టుకున్నారు. దవాఖానలో దానికి మత్తు దిగేదాకా దాని వీపు మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నారు. దాని సంగతి నాకు తెలిసినంతలో బాగానే జరిగింది. పన్నెండేళ్లు మా గల్లా పక్కన నిద్రపోయి, ముసలిదై, నా ఒళ్లో చనిపోయింది. ఆ ఆపరేషన్ తర్వాత బజారులో ఎవరి కొట్టులో పిల్లి ఈనినా వాళ్లు నా దగ్గరికి వచ్చేవాళ్లు. దవాఖానకు తీసుకెళ్లడానికి బుట్ట అరువు అడిగేవాళ్లు.

కొట్టులో తరాజు కూడా పోయింది. కరెంటు కాంటా వచ్చింది. అది చప్పుడు చేయదు. మా అత్తగారు మాత్రం ఇత్తడి పళ్లెం ఒకటి దాచుకుని, పొద్దున తలుపు తీయగానే రెండుసార్లు కొట్టి, వీధివంక చూసేవారు. ఎవరి కోసమని ఎవరూ అడగలేదు.

ఆవిడ మంచం పట్టాక ఒకనాడు మధ్యాహ్నం నన్ను పిలిచి, కుడి చెవి కమ్మ తీసి నా చేతిలో పెట్టారు.

"బంగారు పిల్లిని జేయించు బిడ్డా."

"మనం సంపలేదు గద అత్తమ్మా."

"సంపలేదంటిమి. పిల్లలు ఇక్కడ, తల్లి అక్కడ, నడుమ ఏరు. ఇంకేం ఉంటది?" వీధి వైపు తల తిప్పి, "అది వస్తదని ఇన్నేండ్లు చూసిన," అన్నారు.

కంసాలి శనగ గింజంత పిల్లిని చేసిచ్చాడు. తోకను ఒంటి చుట్టూ తిప్పుకుని కూర్చున్న పిల్లి. మా అత్తగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని వేలితో నిమిరారు. ఆ నెలలోనే పోయారు. ఆవిడ అస్థికలు కలపడానికి మా ఆయన కాశీకి బయలుదేరుతూ, "గా బంగారు పిల్లిని ఇయ్యి, దానం చేసి వస్త," అన్నాడు.

కనిపించడం లేదన్నాను.

అబద్ధం. అది అటక మీద మా అమ్మ ఇచ్చిన గుండిగలో, గోనె పీలికల మధ్య ఉంది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ తర్వాత కాశీకి వెళ్లినవాళ్లు ఎంతమందో నన్ను అడిగారు. ఎవరికీ ఇవ్వలేదు. పిల్లి ఎన్నేళ్లు బతుకుతుందో నాకు తెలుసు, లెక్క తెలియనిదాన్ని కాను. కానీ దాన్ని దానం ఇచ్చేస్తే, అది ఆ ఏట్లోనే పోయిందని నేను ఒప్పుకున్నట్టు. అందుకే ఇవ్వను. పొద్దున తలుపు తీయగానే పళ్లెం మీద రెండుసార్లు కొట్టి, వీధివంక చూస్తాను.